పాఠకుల ప్రశ్నలు: ఏ యుద్ధం న్యాయమైనది?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండి. టీవీలో సరిహద్దు వార్త వచ్చిందంటే చాలు, మా టీ కొట్టు దగ్గర అందరిదీ ఒకటే మాట, యుద్ధం చేసేయాలి అంతే అని. మా అబ్బాయేమో ఏ యుద్ధమైనా హత్యే కదా నాన్నా అంటాడు. నాకు రెండూ మింగుడు పడటం లేదు. అసలు ఒక దేశం యుద్ధానికి దిగడం ఎప్పుడు న్యాయమవుతుందండి?
- ఒక కొబ్బరి రైతు, అంబాజీపేట

జవాబు: మీ అబ్బాయి మాటను తేలిగ్గా తీసేయకండి. నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను. యుద్ధమంటే మనుషుల్ని చంపడమే, కాబట్టి చంపక తప్పలేదని రుజువు చేయాల్సింది యుద్ధం కావాలన్నవాళ్లే. 1945 నాటి ఐక్యరాజ్యసమితి చార్టర్ కూడా దారి ఇరుకుగానే ఉంచింది: నీ మీద సాయుధ దాడి జరిగితే ఆత్మరక్షణ చేసుకో, లేదంటే భద్రతా మండలి అనుమతి తెచ్చుకో.

కానీ 1971 బంగ్లాదేశ్ యుద్ధం దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క సరిపోదండి. మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని ఢాకాలో సొంత దేశపు జనం మీదే విరుచుకుపడింది, ఆ తర్వాతి నెలల్లో సుమారు కోటి మంది ప్రాణాలు చేతబట్టుకుని మన దేశంలోకి వచ్చేశారు, ఇందిరాగాంధీ విదేశాలు తిరిగి చెప్పుకున్నా ఆ మారణకాండను ఆపించినవాళ్లు లేరు. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన వైమానిక స్థావరాల మీద బాంబులేశాయి. ముందు వాళ్లే కొట్టారు కాబట్టి మనది న్యాయం అని చాలామంది అక్కడితో ముగించేస్తారు. నేను ముగించలేను, ఎందుకంటే అప్పటికే బంగ్లాదేశ్ విముక్తి కోసం పోరాడుతున్న ముక్తిబాహిని దళాలకు శిక్షణ, ఆయుధాలు ఇస్తున్నది మనమే, నవంబరులోనే మన సైనికులు సరిహద్దు దాటారు కూడా. డిసెంబరు 7న ఐరాస సర్వసభలో కాల్పులు ఆపాలని 104 దేశాలు ఓటేశాయి, వద్దన్నవి 11 మాత్రమే.

అయినా సరే, ఆ యుద్ధం న్యాయమైనదే అంటాను. అక్కడ చావులు రోజూ జరుగుతూనే ఉన్నాయి, ఆపడానికి ఇంకో దారి కనబడలేదు. అంతకంటే ముఖ్యం, డిసెంబరు 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోతే మర్నాటికల్లా పశ్చిమాన కూడా కాల్పులు ఆపేశాం, 1972 మార్చికల్లా మన సైన్యం బంగ్లాదేశ్ ఖాళీ చేసి వచ్చేసింది. అక్కడ ఒక్క ఊరు కూడా మనది అనలేదు.

నాకు ఇదే అసలు పరీక్ష: ఎక్కడ ఆగుతారు? మీకు కాలువ నీళ్ల తగాదాలు తెలియనివి కావు. నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎగువ రైతు ఒకాయన తూముకు అడ్డం కట్టేశాడు, కింద శివారు చేలన్నీ పొట్ట మీద ఉన్నాయి, నేల నెర్రెలిచ్చేసింది. పెద్దలతో చెప్పించారు, వినలేదు. చివరికి ఒక రాత్రి ఇరవై మంది పలుగులు పట్టుకెళ్లి ఆ అడ్డం తీసేశారు. అంతవరకూ నేను వాళ్ల పక్షమే. తిరిగొస్తూ వాళ్లలో ఎవరో ఆయన గడ్డిమేటుకు నిప్పు పెట్టారు. రెండు రోజులు పొగ వస్తూనే ఉంది, ఆయన గేదెలు కట్టుగొయ్యల దగ్గర నిలబడి అరుస్తుంటే వినలేకపోయాం. నీళ్ల కోసం వెళ్లినవాళ్లకు ఆ గడ్డితో ఏం పని?

2003లో అమెరికా ఇరాక్ మీదికి వెళ్లింది సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయని చెప్పి. అవి దొరకలేదు, సైన్యం మాత్రం 2011 దాకా అక్కడే ఉంది. కార్గిల్‌లో మనం నియంత్రణ రేఖ దాటకూడదని ముందే గీత గీసుకున్నాం, 500 మందికి పైగా జవాన్లను పోగొట్టుకుని కూడా ఆ గీత దాటలేదు. దాటి ఉంటే మనవాళ్లు ఇంకొందరు బతికేవారని బాధపడేవాళ్లున్నారు, ఆ బాధను నేను కాదనలేను. ఈసారి టీ కొట్టు దగ్గర మాట వస్తే, సరే మొదలెడదాం, ఎక్కడ ఆపుదాం అని అడిగి చూడండి.

ప్రశ్న: మాస్టారూ, మా తమ్ముడు ఆర్మీలో ఉన్నాడండి. పైవాళ్లు అన్యాయంగా యుద్ధం మొదలుపెడితే ఆ పాపం వాడికీ అంటుతుందా? ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
- ఒక అక్క, తాడేపల్లిగూడెం

జవాబు: అంటదమ్మా. మీ దగ్గరి మాధవరాన్నే చూడండి, మిలిటరీ మాధవరం అనే పేరే పడిపోయింది, రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరివాళ్లు వెళ్లారు. 1939లో మన నాయకులను ఒక్క మాటైనా అడగకుండా వైస్రాయే మనల్ని యుద్ధంలోకి దింపేశాడు. ఆ నిర్ణయానికి మాధవరం కుర్రాళ్లు జవాబుదారీ ఎలా అవుతారు?

కానీ తుపాకీ ఎవరి మీద ఎక్కుపెట్టాడన్నది మాత్రం వాడి లెక్కే. 1968 మార్చి 16న వియత్నాంలోని మై లై అనే పల్లెలో అమెరికా సైనికులు ఆడవాళ్లనీ పసిపిల్లలనీ కాల్చి చంపుతుంటే, హ్యూ థాంప్సన్ అనే పైలట్ తన హెలికాప్టర్‌ను ఆ జనానికీ సొంత సైనికులకీ మధ్య దింపేశాడు, కొందరినైనా బతికించాడు. ఆ దేశం అతనికి పతకం ఇచ్చింది 1998లో. యుద్ధం తప్పయినా ఆ మనిషి తప్పు చేయలేదు. యుద్ధం న్యాయమైనదైనా అక్కడ కాల్చినవాళ్లది నేరమే అయ్యేది.

మీ తమ్ముడు సెలవుకి వచ్చినప్పుడు ఈ మాట వాడితోనే మాట్లాడండమ్మా. ఈ ఆలోచన వాడికీ వచ్చే ఉంటుంది, అడిగేవాళ్లు లేక చెప్పి ఉండడు.