టెక్ సందేహాలు: హెల్మెట్‌కు మనమే వైజర్ బిగించుకోవాలంటే

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. బ్రష్ కట్టర్‌తో గట్లు, పత్తి చేల అంచులు కిరాయికి కోస్తాను. రాళ్లు ఎగిరి ముఖానికి తగులుతున్నాయి. బిల్డింగ్ పనుల్లో వాడే పసుపు హెల్మెట్ ఒకటి ఉంది. దానికి డ్రిల్ వేసి, బోల్టులతో అద్దంలాంటి షీట్ బిగిద్దామని ఉంది. పైకి కిందికి జరగాలి, ఎక్కడ వదిలితే అక్కడ ఆగాలి. ఏ షీట్ కొనాలి?

జవాబు: డ్రిల్ మాత్రం వద్దు. ఆ హెల్మెట్ లోపల పట్టీల అల్లిక ఉంటుంది కదా, దానివల్ల తలకూ పైడొప్పకూ మధ్య కొంత ఖాళీ ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు కాపాడేది ఆ ఖాళీయే. మీరు బిగించే బోల్టు కొస సరిగ్గా అక్కడికే వస్తుంది. పైగా బెజ్జం దగ్గర డొప్ప బలహీనపడుతుంది. హెల్మెట్ రెండు పక్కలా, చెవుల పైభాగంలో సన్నటి చీలికలు ఉన్నాయేమో చూడండి. చాలా హెల్మెట్లలో అవి సుమారు 30 మిల్లీమీటర్ల వెడల్పుతో వస్తాయి. శబ్దాన్ని తగ్గించే చెవి మఫ్‌లు, వైజర్లు (ముఖం ముందు అద్దాలు) తగిలించడానికే వాటిని పెడతారు. షీట్‌ను పట్టే మీ క్లిప్ అందులోకి దూరి టక్కున పట్టుకోవాలి. చీలికలు లేకపోతే హెల్మెట్ అంచు చుట్టూ స్ప్రింగ్ పట్టీతో పట్టుకునే ఫ్రేములు దొరుకుతాయి.

షీట్ విషయంలో నా సలహా ఒకటే: షీట్ కొనండి, దాన్ని హెల్మెట్‌కు కలిపి పైకి కిందికి తిప్పే జాయింటు మీరు చేసుకోండి. జాయింటు గట్టిదో కాదో ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. షీట్ రాయిని ఆపుతుందో లేదో ఇంట్లో తేలదు, ముఖం అడ్డుపెట్టి చూడలేం కదా. సేఫ్టీ సామాన్ల షాపులో విడిగా అమ్మే వైజర్ షీట్ తీసుకోండి. మన దగ్గర ఫ్యాక్టరీ పనుల ఫేస్ షీల్డులకు ఐఎస్ 8521 ప్రమాణం ఉంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 166 గుర్తు ఉంటే పక్కన ఇంగ్లిష్ అక్షరం చూడండి. 6 మిల్లీమీటర్ల ఉక్కు గుండును సెకనుకు 45 మీటర్ల వేగంతో కొట్టినా తట్టుకుంటే ఎఫ్, 120 మీటర్లకు తట్టుకుంటే బి. మీ పనికి బి కావాలి.

షాపువాళ్లు యాక్రిలిక్ ప్లాస్టిక్ చూపిస్తే వద్దనండి, పాలీకార్బొనేట్ అడగండి. నిగనిగలాడుతుంది కానీ దెబ్బకు పగిలి పెచ్చులవుతుంది. పాలీకార్బొనేట్ వంగుతుందే గానీ అంత తేలిగ్గా ముక్కలవదు. అనుమానముంటే సన్నటి ముక్కను మడిచి చూడండి, ఫట్టున విరిగితే యాక్రిలిక్. కరోనా రోజుల్లో పలచటి పారదర్శక ఓహెచ్‌పీ షీట్లతో చేసిన షీల్డులు గుర్తున్నాయి కదా. 2020లో 3డీ ప్రింటర్లు చేసే ప్రూసా కంపెనీ అందరికీ ఉచితంగా ఇచ్చిన డిజైన్ కూడా అలాంటిదే. అవి తుంపర్లను ఆపడానికి, రాళ్లకు కాదు.

ఇక జాయింటు. 20 సెంటీమీటర్ల ఎత్తు, 32 సెంటీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర మిల్లీమీటర్ మందం ఉన్న పాలీకార్బొనేట్ షీట్ దాదాపు 115 గ్రాములు తూగుతుంది. దాని బరువు మధ్యభాగం జాయింటుకు 15 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, ఫ్రేమ్‌తో కలిపి రెండు కిలో-సెంటీమీటర్ల మెలి (తిప్పే బలం; కిలో బరువు సెంటీమీటర్ దూరంలో వేలాడితే ఒకటి) వస్తుంది. రెండు పక్కలా పంచితే ఒక్కోదానికి ఒకటి. నడకలో కుదుపులు, మిషన్ అదురు ఉంటాయి కాబట్టి ఒక్కో జాయింటు రెండింటిని ఆపాలి. పరీక్ష సులువు: జాయింటుకు కర్రముక్క అడ్డంగా కట్టి, 20 సెంటీమీటర్ల దూరంలో 100 గ్రాముల సబ్బు వేలాడదీయండి. జారకపోతే పాస్.

5 మిల్లీమీటర్ల బోల్టు, రెండు ప్లేట్ల మధ్య నైలాన్ వాషర్, బయట స్ప్రింగ్ వాషర్, చివర నైలాక్ నట్టు (లోపలి నైలాన్ రింగు వల్ల సులువుగా వదులవనిది) చాలు. నట్టు వదులవుతోందని మరలను అతికించి పట్టే థ్రెడ్ లాకర్ ద్రవం పోయకండి. అది తగిలితే పాలీకార్బొనేట్ చీలికలు పడుతుంది. పెట్రోలు, థిన్నర్ కూడా అంతే. బ్రష్ కట్టర్ ట్యాంకు నింపిన చేత్తో వైజర్ పట్టుకోవడం మీకు అలవాటే అయి ఉంటుంది, మానుకోండి.

రాపిడి మీదే ఆధారపడొద్దు. పూర్తిగా ఎత్తినప్పుడు షీట్ బరువు జాయింటును దాటి వెనక్కి వెళ్లేలా ఇరుసు పెడితే, ఎత్తిన వైజర్ తన బరువుతోనే నిలుస్తుంది. రాపిడి పని మధ్య స్థానాల్లోనే. ముందుకు వెనక్కి జరగడానికి ప్లేటులో 15, 20 మిల్లీమీటర్ల పొడవాటి గాడి చాలు, కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు అది తప్పనిసరి. కింది అంచు గడ్డం దాటాలి, కానీ తల వంచితే ఛాతీకి తగిలేంత పొడుగు వద్దు. పై అంచుకూ హెల్మెట్‌కూ మధ్య సందు వదిలితే పై నుంచి పుల్లలు లోపల పడతాయి, అక్కడ ఒక రబ్బరు పట్టీ పెట్టండి.

చెమటకు షీట్ మసకబారి చికాకు పుట్టేది వానాకాలంలోనే. అప్పుడు జాలీ వైజర్ వాడేవాళ్లున్నారు. గాలి ఆడుతుంది, మసక పట్టదు. కానీ సన్నటి ఇసుక, ఆకు రసం జాలీలోంచి దూరిపోతాయి. నిజానికి ఏ వైజర్ ఉన్నా లోపల సేఫ్టీ కళ్లద్దాలు ఉండాల్సిందే, జాలీకైతే మరీ.

ప్రశ్న: హన్మకొండలో ఇంజినీరింగ్ మూడో ఏడాది. ఇలాంటి వైజర్ క్లిప్పునే మినీ ప్రాజెక్టుగా తీసుకున్నాం. డిజైన్ సాఫ్ట్‌వేర్లలో ఏది మేలు: ఫ్రీక్యాడ్‌లో గీయాలా, ఓపెన్‌స్కాడ్‌లోనా? కాలేజీలో పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో పనిచేసే 3డీ ప్రింటర్, లేజర్ కట్టర్ ఉన్నాయి.

జవాబు: కోడ్ రాయడం ఇష్టమైతే ఓపెన్‌స్కాడ్ హాయిగా ఉంటుంది. కానీ రేపు ఏ సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే మిషన్ల) షాపుకైనా ఇవ్వాలంటే స్టెప్ అనే రకం డిజైన్ ఫైల్ అడుగుతారు, ఓపెన్‌స్కాడ్ నుంచి అది నేరుగా రాదు, అందుకే నా ఓటు ఫ్రీక్యాడ్‌కు. 2024 నవంబరులో దాని 1.0 వెర్షన్ వచ్చింది. చీలిక వెడల్పు, లోతు, డొప్ప మందం అంకెలను స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి డిజైన్‌ను వాటికి ముడిపెట్టండి. హెల్మెట్ మారితే అంకె మార్చడంతో సరిపోతుంది.

పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెల ఎండలో బండి సీటు మీద నల్లటి క్లిప్పు వదిలేస్తే సాయంత్రానికి వంకర పోతుంది. మిగతా ప్రింటింగ్ ప్లాస్టిక్‌లలో పీఈటీజీ 80 వరకూ ఆగుతుంది, ఏఎస్‌ఏ ఇంకా మేలు, ఎండకూ తట్టుకుంటుంది. క్లిప్పు కొక్కేన్ని నిలబెట్టి కాకుండా పక్కకు పడుకోబెట్టి ప్రింట్ చేయండి. పొరలు కొక్కెం పొడవునా సాగాలి, అడ్డంగా ఉంటే నొక్కినప్పుడు పొర దగ్గరే విరుగుతుంది. ఆగే స్థానాల కోసం గుండ్రటి ప్లేటు మీద 24 పళ్లు పెడితే 15 డిగ్రీలకో మెట్టు వస్తుంది. బిగించే నాబ్ (తిప్పే గుండీ) గ్లౌజు వేసుకున్న చేతికి అందేలా 30 మిల్లీమీటర్లు ఉండనివ్వండి.

లేజర్ కట్టర్ ఉంది కదా అని పాలీకార్బొనేట్ షీట్ దానిమీద పెట్టకండి. అంచులు గోధుమ రంగుకు మాడి పొగ వస్తుంది. పీవీసీ అయితే అసలు కూడదు, విషవాయువు వస్తుంది, మిషనూ తుప్పు పడుతుంది. యాక్రిలిక్ శుభ్రంగా తెగుతుంది కాబట్టి ల్యాబ్‌లో అదే వాడమంటారు. నమూనాకు ఓకే, ముఖం ముందుకు కాదు. ఆ మాటకొస్తే తొలి నమూనాకు అట్టముక్క చాలు. అసలు షీట్‌ను రౌటర్ (తిరిగే బిట్‌తో కోసే మిషన్) మీదో, పలచనిదైతే కత్తెరతోనో కోయండి. వేడి చేయకుండా వంచేటప్పుడు వంపు వ్యాసార్ధం మందానికి సుమారు 100 రెట్లకు తగ్గకూడదు, అంటే ఒకటిన్నర మిల్లీమీటర్ల షీట్‌కు 15 సెంటీమీటర్లు.

బెజ్జాలు బోల్టు కంటే ఒక మిల్లీమీటర్ పెద్దవి వేయండి. ఉదయానికీ మధ్యాహ్నానికీ 30 డిగ్రీల తేడా వస్తే 32 సెంటీమీటర్ల షీట్ అర మిల్లీమీటరుకు పైగా సాగుతుంది. బిగుతుగా ఉంటే బెజ్జం దగ్గరే చీలిక మొదలవుతుంది. కాలేజీలో దొరకని మిషన్లు కావాలంటే హైదరాబాద్ రాయదుర్గంలో 2023లో మొదలైన నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్‌ను సంప్రదించండి.

ప్రశ్న: కరీంనగర్ గ్రానైట్ యూనిట్‌లో పాలిషింగ్ పని. వైజర్ వారానికే గీతలు పడి మసకబారుతోంది. వెల్డింగ్‌కు కూడా దీన్నే వాడొచ్చా?

జవాబు: పొడిబట్టతో తుడవడమే కారణం. రాతిపొడి షీట్ కంటే గట్టిది, తుడిచిన ప్రతిసారీ గీస్తుంది. ముందు నీళ్లతో కడిగి, సబ్బు నీళ్లతో చేత్తో రుద్ది, మెత్తటి తడిబట్టతో అద్దండి. ఈసారి హార్డ్ కోటింగ్ ఉన్న షీట్ కొనండి. వెల్డింగ్‌కు వద్దే వద్దు, దానికి 10, 11 షేడ్ (నలుపు స్థాయి) ఉన్న ఫిల్టర్ అద్దం కావాలి. ఇంకోటి, వైజర్ రాతిధూళిని ఆపదు. ఊపిరితిత్తులకు మంచి రెస్పిరేటర్ మాస్కు వేరే ఉండాలి.

ప్రశ్న: నర్సంపేట. నా బైక్ హెల్మెట్‌కు ముందు అద్దం లేదు. ఇంట్లో చేసుకోవచ్చా?

జవాబు: వద్దు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో వైజర్ మీద గాలి తోపు దాదాపు 800 గ్రాములు, 80 దాటితే ఒకటిన్నర కిలోలు. చేలో పనికి చేసిన జాయింటు దానికి ఆగదు, సగం ఎత్తిన షీట్ మెడను వెనక్కి లాగుతుంది. హెల్మెట్ నుదుటి దగ్గర మూడు ప్రెస్ బటన్లు ఉంటే వాటికి సరిపోయే వైజర్లు షాపులో దొరుకుతాయి. లేకపోతే వైజర్‌తోనే వచ్చే ఐఎస్ 4151 ముద్ర ఉన్న హెల్మెట్ కొనండి. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ ముద్ర లేని బైక్ హెల్మెట్ అమ్మడమే నిషిద్ధం.