వెకేషన్‌లో ఉండగా చూసిన ఏ డాక్యుమెంటరీ మీకు ఇప్పటికీ గుర్తుంది?

ట్రిప్ మూడో రోజే నాకు కాలు బెణికింది. మా ఆయన, అమ్మాయి బీచ్‌కి పోయారు, నేనేమో రూమ్‌లో కాలి కింద రెండు దిండ్లు పెట్టుకుని ఛానెళ్లు తిప్పుతూ కూర్చున్నా. ఒకచోట ఎక్స్ఛేంజ్ స్టూడెంట్ (కొన్నాళ్లు వేరే దేశంలో ఎవరింట్లోనో ఉండి చదువుకునే పిల్లలు) అన్న మాట వినబడి ఆగిపోయా, ఎందుకంటే మా అమ్మాయి ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్ ఫామ్ నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది, ఇంటికెళ్లాక తీరిగ్గా సంతకం పెడదాంలే అని.

అది యోషిహిరో హత్తోరి గురించి. జపాన్‌లో నగోయా కుర్రాడు, 16 ఏళ్లు, 1992లో అమెరికాలో లూసియానా రాష్ట్రం బాటన్ రూజ్‌కి చదువుకోడానికి వెళ్లాడు. వెళ్లి రెండు నెలలు అయిందో లేదో, అక్టోబర్ 17న హాలోవీన్ పార్టీకని తను ఉంటున్న ఇంటివాళ్ల అబ్బాయితో కలిసి బయల్దేరి, పొరపాటున అదే వీధిలో వేరే ఇంటి బెల్లు కొట్టారు. అంతే వాళ్లు చేసిన తప్పు! ఆ ఇంటావిడ తలుపు తీసి చూసి భయపడి మూసేసి మొగుణ్ణి గన్ తెమ్మంది. వీళ్లు సరే ఇది కాదేమోలే అని వెనక్కి తిరిగారు, ఈలోపు ఆయన తలుపు తీసేసరికి యోషి నవ్వుతూ పార్టీకి వచ్చామండీ అంటూ మళ్లీ అటు నడిచాడు. ఆయన ఫ్రీజ్ అని అరిచి కాల్చేశాడు. ఆ మాట పిల్లాడికి అర్థం కాలేదేమో అంటారు. 1993 మేలో జ్యూరీ ఆయన నిర్దోషి అని తేల్చింది (తర్వాత సివిల్ కేసులో మాత్రం దాదాపు 6.5 లక్షల డాలర్లు కట్టమన్నారు).

వాళ్లు బీచ్ నుంచి వచ్చేసరికి నేను ముక్కు తుడుచుకుంటున్నా. "ఏంటమ్మా, కాలు అంత నొప్పిగా ఉందా" అంది మా అమ్మాయి. ఎవరైనా ఫ్రీజ్ అని అరిస్తే ఏం చేస్తావే అని అడిగా. "కదలకుండా నిలబడతా, గేమ్స్‌లో రోజూ వినేదే కదా" అని బాత్రూమ్‌లోకి పోయింది. నాకే తెలీదు ఆ అర్థం, నేనైతే ఫ్రిజ్ దగ్గరే ఆగిపోయేదాన్ని.

ఆ రాత్రి ఫామ్ చింపేద్దామనే అనుకున్నా, నిజంగా. కానీ యోషి అమ్మానాన్నలు చేసింది బుర్రలోంచి పోవట్లేదు. ఇళ్లల్లోంచి గన్స్ తీసేయండి అని జపాన్‌లో సుమారు 17 లక్షల సంతకాలు సేకరించి అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్‌ని కలిశారు. అదొక ఎత్తు. కొడుకు పేరు మీద ఫండ్ పెట్టి అమెరికా పిల్లల్ని జపాన్‌కి చదువుకోడానికి రప్పించడం మొదలుపెట్టారు చూడండి, అది నాకు మింగుడుపడలేదు. కొడుకుని పోగొట్టుకున్నవాళ్లు ఆ దేశం పిల్లల్ని రమ్మంటున్నారు, ఏమీ పోగొట్టుకోని నేనేమో ఫామ్ చింపుతానంటున్నా.

ఇంటికొచ్చాక సంతకం పెట్టేశా. అక్కడ మన పిల్లని ఉంచుకునే ఫ్యామిలీకి తల్లిదండ్రులు ఒక లెటర్ రాయాలి అందులో. తన ఇష్టాలూ అలవాట్లూ అన్నీ రాసి, చివర్న రాత్రిపూట ఎక్కడికైనా వెళ్తే అడ్రస్ రెండుసార్లు చూసుకోమనండి అని ఒక లైన్ పెట్టా. మా ఆయన చదివి, ఇదేంటి భయపడతారు వాళ్లు, కొట్టేయ్ అన్నారు. కొట్టేయలేదు.