పనామా సిటీలో బంగారు బలిపీఠం దొరకలేదా? మీరు దిగింది ఇంకో పాత ఊళ్ళో
టాక్సీ అతనికి "పాత పనామా" అని చెబితే శిథిలాల దగ్గర దించాడా, బంగారు బలిపీఠమున్న చర్చి ఎంత వెతికినా కనబడలేదా? కారణం పేరే. ఆ నగరంలో పాత ఊళ్ళు రెండున్నాయి, మధ్య దూరం సుమారు 8 కిలోమీటర్లు.

1. మీరు చూసింది పనామా వియెహో. 1519లో స్పెయిన్ వాళ్ళు కట్టిన మొదటి ఊరు, 1671లో సముద్రపు దొంగ హెన్రీ మోర్గాన్ దాడి చేసినప్పుడు తగలబడిపోయింది.

2. మీకు కావాల్సింది కాస్కో వియెహో. 1673లో ఊరిని అక్కడికి మార్చి, కొత్తగా గోడ కట్టుకున్నారు.

3. అందరూ వదిలేసేది ఇదే: టాక్సీలో ఊరి పేరు ఒక్కటే చెప్పకండి, బలిపీఠమున్న చర్చి పేరు కూడా చెప్పండి. "కాస్కో, ఇగ్లేసియా సాన్ హోసే" (Casco, Iglesia San José) అని స్పానిష్‌లోనే రాసి ఫోన్‌లో చూపించండి. మ్యాప్‌లో కూడా ఇదే పేరు వెతకండి, ఎందుకంటే కాస్కో వియెహోకి కాస్కో ఆంతిగ్వో, సాన్ ఫెలిపే అనే పేర్లు కూడా ఉన్నాయి, అక్కడే జనం తికమకపడతారు.

4. ఆ బలిపీఠం చెక్కతో చెక్కి బంగారు రేకు తొడిగింది. అది మొదట పనామా వియెహోలో ఉండేదని, మోర్గాన్ కంట పడకుండా నల్లరంగు పూసి దాచారని అక్కడ చెప్పుకుంటారు.

5. దగ్గర్లోనే పెద్ద చర్చి ఉంది, నడిచే వెళ్ళొచ్చు. 1796లో పూర్తయింది. గోపురాల కొసలకి ముత్యపుచిప్పలు పొదిగారు, ఎండ పడితే తళతళమంటాయి, తప్పకుండా తలెత్తి చూడండి.

శిథిలాలకి వెళ్ళిన టైమ్ వృథా అనుకోకండి, అక్కడి పాత చర్చి గోపురం ఎక్కారా? లోపల మెట్లున్నాయి.