గేమ్ ఆడుతుంటే స్క్రీన్ నల్లబడిపోతోంది, గ్రాఫిక్స్ కార్డు పోయినట్టేనా?

గేమ్ మొదలెట్టిన పది నిమిషాలకి స్క్రీన్ నల్లబడుతుంది, కార్డు ఫ్యాన్లు హోరెత్తిపోతాయి, హెడ్‌ఫోన్స్‌లో మాత్రం గేమ్ సౌండ్ వస్తూనే ఉంటుంది. బెంగళూరు ఎస్పీ రోడ్డు కంప్యూటర్ షాపుల్లో చూపిస్తే కార్డు మార్చమన్నారు. ఇదీ మీరు రాసి పంపిన కథ. డబ్బులు అప్పుడే తీయకండి. ఈ లక్షణానికి ముందు పట్టుకోవాల్సింది కార్డుని కాదు, దానికి కరెంటు మోసే వైరుని.

క్యాబినెట్ పక్క డోరు విప్పి చూడండి. మీ కార్డుకి రెండు 8-పిన్ సాకెట్లున్నాయన్నారు. అసెంబుల్ చేసేవాళ్లు చాలాసార్లు ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటిచ్చే డబ్బా) నుంచి ఒక్క వైరే లాగి, దాని చివరున్న రెండు తలల్నీ రెండు సాకెట్లలో గుచ్చేసి బిల్లు చేతిలో పెడతారు. 8-పిన్ ఒక్కోదాని లెక్క 150 వాట్లు, కార్డు కూర్చునే మదర్‌బోర్డు స్లాటు నుంచి వచ్చేది 75. పెద్ద సీన్ రాగానే కార్డు గబుక్కున ఎక్కువ లాగుతుంది, వైరు మీద వోల్టేజీ పడిపోతుంది, కార్డు చేతులెత్తేస్తుంది. రెండు సాకెట్లకీ రెండు విడి వైర్లు వేయండి. 6+2గా విడిపోయేది కార్డుది. 4+4గా విడిపోయేది సీపీయూది, దాన్ని ఇక్కడ దూర్చొద్దు. వైర్లు ఊడొచ్చే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ అయితే వేరే కంపెనీ వైరు అరువు తెచ్చుకోవద్దు. కార్డు వైపు తల ఒకేలా ఉన్నా ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు, కార్డు నిజంగానే కాలిపోతుంది.

వైరు ముట్టుకునే ముందు పైసా ఖర్చులేని పరీక్ష ఒకటి: ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కార్డు పవర్ లిమిట్ 70 శాతానికి దించి అదే గేమ్ అరగంట ఆడండి. నిలబడితే తప్పు కరెంటుదో వేడిదో. ఏదో తేలాలంటే హాట్‌స్పాట్, అంటే చిప్పులో అన్నిటికంటే వేడి చోటి ఉష్ణోగ్రత చూడండి. కోర్ (చిప్పు మామూలు ఉష్ణోగ్రత) కంటే 15, 20 డిగ్రీలు ఎక్కువుంటే మామూలే. 30 దాటితే చిప్పు మీద వేడి దాటించే పేస్ట్ ఎండిపోయిందని అనుమానించాలి. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు ఇల్లయితే అసలు పేస్ట్ దాకా పోకముందే హీట్‌సింక్ (వేడి లాగే లోహపు రేకులు)లో దుమ్ము చూడండి. పక్క సైట్లో ఏడాదంతా సిమెంటు లేస్తుంటే కిటికీ మూసినా లాభం లేదు, కార్పొరేషన్‌కి ఎన్ని కంప్లైంట్లు పెట్టినా అంతే! బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్‌ని వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే బేరింగ్ పోతుంది.

కార్డు తీసినప్పుడు స్లాటు చివరి క్లిప్పు నొక్కకుండా లాగొద్దు. బంగారు కాంటాక్టుల్ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక బిగించండి. డ్రైవర్ సంగతంటారా, నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లో డీడీయూ (డ్రైవర్ని పూర్తిగా తీసేసే టూల్)తో పాతది తుడిచి, కొత్తది వేయండి. నెట్ ఉంటే మధ్యలో విండోస్ తన డ్రైవర్ దూర్చేస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా బయోస్ స్క్రీన్ (విండోస్ రాకముందు వచ్చేది) మీదే రంగురంగుల గళ్లు కనిపిస్తే, వేరే కేబులూ మానిటరూ మార్చి చూసినా పోకపోతే, అప్పుడు కార్డు మెమరీ చిప్పో, అసలు చిప్పో చచ్చినట్టే లెక్క. యూట్యూబ్‌లో చూసి కార్డుని ఓవెన్‌లో పెట్టకండి, వంటింటికి ప్లాస్టిక్ కంపు తప్ప ఏమీ మిగలదు.