ఆ కూపన్ డబ్బులు ఎవరు కడుతున్నారో తెలిస్తే రూల్స్ అన్నీ అర్థమవుతాయి

ప్రశ్న: మేము ఈ మధ్యే న్యూజెర్సీలో ఎడిసన్ కి వచ్చామండి. మా ఆయన ఒక్కరి జీతమే, నాకు వర్క్ పర్మిట్ లేదు, పాప ఇంకా డైపర్లలోనే ఉంది. నెలకి గ్రోసరీకే 900 డాలర్లు అవుతున్నాయి. కూపన్లు వాడదామని ఒక డిటర్జెంట్ బాటిల్ కి రెండు కూపన్లు తీసుకెళ్తే క్యాషియర్ ఒకటే తీసుకుని రెండోది వెనక్కి ఇచ్చేసింది, లైన్ లో అందరూ చూస్తుంటే చాలా సిగ్గేసింది. అసలు ఈ రూల్స్ ఏంటి? కూపన్ల కోసం సండే పేపర్ కూడా తెప్పించుకోవాలా?

జవాబు: సిగ్గు పడాల్సిందేమీ లేదండి, ఇక్కడే పుట్టి పెరిగిన వాళ్ళకి కూడా కౌంటర్ దగ్గర రోజూ జరిగేదే అది. మనకి ఇండియాలో ఎమ్మార్పీ మీద షాపు వాడు తగ్గిస్తే తగ్గించినట్టు, అంతే, ఇక్కడ మాత్రం తగ్గించేది ఎవరు అన్నదాన్ని బట్టి రూల్ మారిపోతుంది. అందుకే కూపన్ చేతిలోకి రాగానే ముందు చూడాల్సింది ఎంత తగ్గుతుంది అని కాదు, ఈ డబ్బు ఎవరు కడుతున్నారు అని.

పైన మాన్యుఫాక్చరర్ కూపన్ అని ఉంటే ఆ డబ్బు సరుకు తయారుచేసే కంపెనీది. షాపు ఆ కాగితాన్ని కంపెనీకి పంపి ఫేస్ వాల్యూ, అంటే కూపన్ మీద వేసిన మొత్తం, వెనక్కి తెచ్చుకుంటుంది, దాంతో పాటు షాపు శ్రమకి హ్యాండ్లింగ్ కింద కూపన్ కి 8 సెంట్లు ఇస్తామని చాలా కూపన్ల కింద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. కంపెనీ ఒక బాటిల్ కి ఒక్కసారే కడుతుంది. మీ రెండు కూపన్లూ కంపెనీవే అయ్యుంటాయి, అందుకే రెండోది ఇచ్చేసింది, తీసుకుంటే ఆ నష్టం షాపుదే కదా. అదే ఒకటి కంపెనీది, ఇంకోటి ఆ షాపు సొంత కూపన్ అయితే చాలా చోట్ల ఒకే వస్తువు మీద రెండూ నడుస్తాయి, దీన్నే స్టాకింగ్ అంటారు. కొన్ని షాపులు ఒప్పుకోవు, అది వాళ్ళిష్టం. కాస్ట్‌కో, ఆల్డి అయితే మాన్యుఫాక్చరర్ కూపన్లు అసలు తీసుకోవు, అక్కడికి పట్టుకెళ్ళి టైమ్ వేస్ట్ చేసుకోకండి.

ట్యాక్స్ లో కూడా ఇదే లెక్క. న్యూజెర్సీలో తిండి సామాన్లలో చాలావాటి మీద సేల్స్ ట్యాక్స్ లేదు కానీ డిటర్జెంట్, షాంపూ లాంటివాటి మీద 6.625 శాతం ఉంది. 12 డాలర్ల డిటర్జెంట్ మీద 3 డాలర్ల షాపు కూపన్ వాడితే ట్యాక్స్ 9 డాలర్ల మీదే పడుతుంది, 60 సెంట్లు. అదే 3 డాలర్లు మాన్యుఫాక్చరర్ కూపన్ అయితే షాపుకి మొత్తం 12 డాలర్లూ అందుతున్నాయి కాబట్టి 12 మీద పడుతుంది, 80 సెంట్లు. రసీదు చూసి ఎక్కువ వేశారేంటి అని గొడవ పడక్కర్లేదు, తప్పేం కాదు.

ఇప్పుడు కూపన్ మీద ఉండే మాటలు. వన్ పర్ పర్చేజ్ అంటే ఒక వస్తువుకి ఒక కూపన్, అంటే నాలుగు బాటిళ్ళు కొంటే నాలుగు వాడొచ్చు. వన్ పర్ ట్రాన్సాక్షన్ అంటే మొత్తం బిల్లుకి ఒకటే. ఈ రెండూ కలిపేసుకుని చాలామంది దెబ్బతింటారు. దాని పక్కనే ఒకేలాంటి కూపన్లు ఒక ట్రిప్ లో ఇన్నే అని ఇంకో లిమిట్ కూడా ఉండొచ్చు, అది కూడా చదవండి. ట్రయల్ సైజ్, ట్రావెల్ సైజ్ కి చెల్లదు అని ఉంటే చిన్న ప్యాకెట్ ఫ్రీగా కొట్టేద్దామన్న ప్లాన్ కుదరదు. డబుల్ కూపన్ అని కొన్ని షాపుల్లో ఉండేది, కంపెనీ ఇచ్చే దానికి ఇంకో రెట్టు షాపు తన జేబులోంచి కలుపుతుంది కాబట్టి దానికి లిమిట్లు గట్టిగా ఉంటాయి. షాపు యాప్ లో ఉండే కూపన్లు బిల్లు కట్టకముందే క్లిప్ చేసుకోవాలి, అంటే నొక్కి మన అకౌంట్ లో వేసుకోవాలి, అకౌంట్ కి మామూలుగా ఒక్కసారే, పైగా యాప్ లోది కంపెనీ కూపన్ అయితే అదే వస్తువు మీద కాగితం కూపన్ మళ్ళీ కలవదు.

ఏ షాపుకి ఎక్కువ వెళ్తారో దాని వెబ్‌సైట్ లో కూపన్ పాలసీ అనే పేజీ ఉంటుంది, ముందు ఆ ఒక్కటీ చదివి ఫోన్ లో సేవ్ చేసుకోండి. అన్ని షాపులవీ ఒకేసారి మొదలెడితే వారంలో విసుగొచ్చి మానేస్తారు. ఏదైనా తేడా వస్తే లైన్ లో వాదించకుండా బిల్లు కట్టేసి కస్టమర్ సర్వీస్ డెస్క్ దగ్గర నెమ్మదిగా ఆ పేజీ చూపించి అడగండి. సేల్ లో పెట్టిన సరుకు అయిపోతే రెయిన్ చెక్ అనే చీటీ ఇస్తారా అని కూడా అడగండి, ఇచ్చే షాపుల్లో స్టాక్ వచ్చాక అదే రేటుకి కొనుక్కోవచ్చు.

ఇక అసలు విషయం, మీ 900 డాలర్లలో కూపన్ తగిలేది ఎంత? బియ్యం, కందిపప్పు, కూరగాయలు, పాలు, వీటికి కూపన్లు దాదాపు రావు. వచ్చేవి ఎక్కువగా డైపర్లు, వైప్స్, డిటర్జెంట్, టూత్‌పేస్ట్, సీరియల్ లాంటి బ్రాండ్ సరుకులకే. కాబట్టి మీరు మొదలుపెట్టాల్సింది డైపర్లతో. కానీ కూపన్ ఉంది కదా అని సీరియల్ బాక్స్ ఎత్తకండి, 5.49 డాలర్ల బ్రాండ్ బాక్స్ మీద ఒక డాలర్ తగ్గినా 4.49, పక్కన షాపు సొంత బ్రాండ్ 2.99కే ఉండొచ్చు. షెల్ఫ్ లేబుల్ మీద ఔన్స్ కి ఎంత అని యూనిట్ ప్రైస్ వేస్తారు, న్యూజెర్సీలో అది చట్టం, కూపన్ తీసేశాక ఔన్స్ కి ఎంత పడిందో ఫోన్ లో లెక్కేసి దాంతో పోల్చండి. బియ్యం పప్పుల ఖర్చు తగ్గాలంటే కూపన్ తో కాదు, మీ ఇండియన్ స్టోర్ లో పెద్ద బస్తా మీద వారం సేల్ చూసుకోవడంతోనే తగ్గుతుంది.

ఒక్క విషయంలో మాత్రం నా మాట వినండి. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో కూపన్లు అమ్ముతుంటారు, ప్రింట్ తీసుకోమని పీడీఎఫ్ లు పంపుతుంటారు, వాటి జోలికి పోకండి. కూపన్ మీదే అమ్మినా, కాపీ చేసినా చెల్లదని ఉంటుంది. వర్జీనియా బీచ్ లో దొంగ కూపన్లు తయారుచేసి అమ్మిన ఒకామెకి 2021లో 12 ఏళ్ళ జైలు పడింది, ఆ కేసులో నష్టం 3 కోట్ల డాలర్ల పైమాటే. ఆవిడ చేసింది చాలా పెద్ద మోసం నిజమే, కానీ వీసా మీద ఉన్న వాళ్ళకి ఏ షాపు దగ్గరైనా చిన్న పోలీస్ కేసు కూడా పెద్ద తలనొప్పే, రెండు డాలర్ల కోసం అంత రిస్క్ వద్దు.

సండే పేపర్ కోసం చందా కట్టొద్దు. కూపన్లు చాలావరకు యాప్ ల్లోకి వెళ్ళిపోయాయి, డైపర్ల కంపెనీల సైట్ లో ఈమెయిల్ ఇస్తే నేరుగా వాళ్ళే పంపిస్తుంటారు. ముందు ఒక షాపు యాప్, ఒక డైపర్ బ్రాండ్, రెండు నెలల రసీదులు, ఇవి చాలు. ఆ రసీదుల్లో యూ సేవ్డ్ అని కింద వేసే అంకెని నమ్మకండి, అందులో సేల్ తగ్గింపు కూడా కలిపేస్తారు. నెలాఖరుకి బ్యాంక్ నుంచి గ్రోసరీకి మొత్తం ఎంత పోయిందో చూడండి, 900 నుంచి ఎంత దిగిందో రాసి పంపితే మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలో అప్పుడు మాట్లాడుకుందాం.