ఒక్క ఎక్స్‌రే చూసి కుక్కకు గుండె పెరిగిందని తేల్చవచ్చా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు, కొబ్బరి తోటలున్నాయి. ఇంట్లో పెంచుకుంటున్న పొమేరియన్ కుక్కకు పదేళ్లు నిండాయి, కాస్త లావుగా ఉంటుంది. నెల రోజులుగా రాత్రిపూట దగ్గుతోంది. ఎవరైనా రాగానే ఎగిరి మొరిగితే దగ్గు ఆగడం లేదు. పట్టణంలో ఛాతీ ఎక్స్‌రే తీయించాం. ఒక డాక్టరు గారు గుండె పెరిగి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని నీరు తీసే మాత్రలు రాశారు. అదే ఫిలిం చూసి ఇంకొకరు నిమోనియా అన్నారు. ఫిలిం ఫోటో పంపుతున్నాను. ఎవరి మాట నమ్మమంటారు?

జవాబు: మీరు పంపిన ఫిలింను బట్టి ఈ రెండింటిలో దేనినీ ఖాయం చేయలేము. ఇందులో వైద్యులను తప్పుపట్టవలసింది లేదు. తీసిన ఫిలిం ఒక్కటే కావడం, అదీ కుక్కను పక్కకు పడుకోబెట్టి, అది ఊపిరి వదిలిన క్షణంలో తీసినది కావడం వల్ల వచ్చిన చిక్కు ఇది. నిండుగా గాలి పీల్చినప్పుడు డయాఫ్రం (ఛాతీని, పొట్టను వేరుచేసే కండర పొర) వెనక్కు జరిగి, ఛాతీ భాగపు వెన్నుపూసల్లో సుమారు 12వ దాని దగ్గర వెన్నును కలుస్తుంది. మీ ఫిలింలో అది 10వ పూస దగ్గరే కలిసి, కింది భాగంలో గుండెను పూర్తిగా ఆనుకుని ఉంది. గాలి తక్కువగా ఉన్న ఊపిరితిత్తులు ఏ జబ్బూ లేకపోయినా తెల్లగా కనబడతాయి, గుండె కూడా ఛాతీలో ఎక్కువ చోటు ఆక్రమించినట్లు కనబడుతుంది. లావుగా ఉన్న కుక్కల్లో కొవ్వు నీడ ఈ భ్రమను మరింత పెంచుతుంది.

నిమోనియా అనుకున్న తెలుపు గుండెకు ముందువైపు, కింది భాగంలో ఉంది. ఆహారం గానీ మందు గానీ శ్వాసనాళంలోకి పోయి వచ్చే నిమోనియా నిజంగానే తరచుగా ఆ కింది భాగాల్లోనే కనబడుతుంది కాబట్టి ఆ అనుమానం అర్థం లేనిది కాదు. అయితే ఫిలిం తీసేటప్పుడు ముందరి కాళ్లను ముందుకు లాగి పట్టుకోకపోవడం వల్ల భుజం కండల నీడ సరిగ్గా అక్కడే పడింది. ఊపిరితిత్తి గాలి గదుల్లో నీరో చీమో నిండితే అక్కడి రక్తనాళాల అంచులు చెరిగిపోయి, గాలి ఉన్న శ్వాసనాళాలు మాత్రం తెలుపు మధ్య నల్లని గీతలుగా మిగులుతాయి. మీ ఫిలింలో ఆ గీతలు లేవు, రక్తనాళాల అంచులు చాలావరకు కనబడుతూనే ఉన్నాయి. గుండె జబ్బు వల్ల చేరే నీరు కుక్కల్లో ఎక్కువగా గుండె మొదలు చుట్టూ, అక్కడి నుంచి వెనుకవైపు పైభాగంలో కనబడుతుంది. ఆ చోటును ఈ ఫోటోలో చూసి చెప్పడం కష్టం. ఫిలింను కిటికీకి ఆనించి తీయడం వల్ల వెనుకనున్న కొబ్బరి మట్టల నీడ అందులో పడింది, పైభాగంలోని చారల్లో కొన్ని ఆ మట్టలవే.

ఇక గుండె పరిమాణం సంగతి. దీనిని కంటి అంచనాతో కాక, 1995లో బుకానన్, బ్యూకెలర్ ప్రతిపాదించిన పద్ధతిలో వెన్నుపూసలతో పోల్చి కొలవాలి. గుండె పొడవును, వెడల్పును తీసుకొని ఛాతీ 4వ పూస నుంచి వెనక్కు ఎన్ని పూసలకు సరిపోతాయో లెక్కించి రెండింటినీ కూడతారు. ఎక్కువ కుక్కల్లో ఇది 8.5 నుంచి 10.5 వరకు ఉంటుంది. మీ కుక్కకు సుమారు 11 వస్తోంది. సంఖ్య ఎక్కువే అయినా, ఆరోగ్యంగా ఉన్న పొమేరియన్లలోనే సగటు 10.5 దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి ఒక్క 11ను చూసి జబ్బు అనలేము. మన వైపు పొమేరియన్ అని పిలిచే కుక్కల్లో చాలావి నిజానికి ఇండియన్ స్పిట్జ్ జాతివి. జాతి ఏదో కూడా వైద్యునికి చెప్పండి. మొత్తం సంఖ్య కన్నా నేను ముఖ్యంగా చూసేది గుండె వెనుక పై మూల. ఎడమ కర్ణిక (గుండె ఎడమ పై గది) పెరిగితే అక్కడ ఉబ్బు కనబడి, శ్వాసనాళం రెండుగా చీలే చోటు పైకి నెట్టుకుపోతుంది.

మీరు రాసిన లక్షణాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మొరిగినప్పుడు ఆగని దగ్గు. చిన్న జాతుల్లో వయసు పెరిగే కొద్దీ శ్వాసనాళపు ఉంగరాలు మెత్తబడి నాళం అణగిపోవడం సాధారణం. అప్పుడు దగ్గు బాతు అరుపులా వినబడుతుంది. మెడ భాగంలోని నాళం ఊపిరి పీల్చేటప్పుడు, ఛాతీ లోపలి భాగం ఊపిరి వదిలేటప్పుడు సన్నబడతాయి కాబట్టి ఒక్క ఫిలింలో ఇది తప్పించుకుపోగలదు.

అందుచేత ముందుగా స్టెతస్కోపుతో గుండెను, ముఖ్యంగా ఎడమవైపు, శ్రద్ధగా వినిపించండి. చిన్న జాతి ముసలి కుక్కలో గుండె కవాటం చెడి నీరు చేరే స్థితి వచ్చిందంటే గుండె చప్పుళ్ల మధ్య బుస్సుమనే మర్మర శబ్దం దాదాపు తప్పక వినబడుతుంది. అది లేకపోతే దగ్గుకు కారణం వేరే చోట వెతకాలి. ఆ తరువాత మళ్లీ ఎక్స్‌రే తీయించండి: కుడివైపు పడుకోబెట్టి, కాళ్లు ముందుకు లాగి, మెడ కూడా వచ్చేలా ఊపిరి పీల్చినప్పుడు ఒకటి, వదిలినప్పుడు ఒకటి, బోర్లా పడుకోబెట్టి మరొకటి. దోమల వల్ల వచ్చే గుండె పురుగు గుండె కుడి భాగాన్ని, ఊపిరితిత్తుల ధమనులను ఉబ్బిస్తుంది. దానిని అంచనా వేయడానికి బోర్లా తీసిన ఫిలిం అవసరం, రక్తపరీక్ష కూడా చేయించాలి. డిజిటల్ యంత్రమైతే ఫోటో కాక అసలు ఫైలునే పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి. అప్పటికీ అనుమానం తీరకపోతే గుండెకు ఎకో (అల్ట్రాసౌండ్) పరీక్ష చేయించడం మంచిది.

నీరు తీసే మాత్రలను మీ అంతట మీరు ఆపవద్దు, మోతాదు పెంచవద్దు. రాసిన వైద్యునితోనే మాట్లాడండి. మనుషులు వాడే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి. మెడ పట్టీ తీసి ఛాతీకి కట్టే పట్టీ వేయండి, బరువు మెల్లగా తగ్గించండి. కొబ్బరి డొక్కల పొయ్యి పొగ తగలని చోట పడుకోనివ్వండి.

చల్లని చోట గాఢంగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఛాతీ ఎగసిపడుతోందో రోజూ లెక్కించి రాసిపెట్టండి. ఎండకు నాలుక చాపి వగర్చేటప్పటి లెక్క పనికిరాదు. వరుసగా 30 దాటుతుంటే వెంటనే వైద్యునికి చెప్పండి. మెడ చాచి, మోచేతులు ఎడంగా పెట్టి ఎగశ్వాస పీలుస్తున్నా, చిగుళ్లు నీలంగా మారినా ఎక్స్‌రే కోసం ఆగకుండా, అది కూర్చున్న భంగిమలోనే దగ్గరి పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లండి. అటువంటి కుక్కను వెల్లకిలా పడుకోబెట్టి ఫిలిం తీయనివ్వవద్దు.