చిన్న డెస్క్‌టాప్‌లో ర్యామ్ మనమే పెంచుకోవచ్చా? పలాసలో నేను చేసి చూసింది

మీరు అడిగింది ఇదీ: విజయనగరంలో సెకండ్ హ్యాండ్‌లో ఒక బుల్లి డెస్క్‌టాప్ కొన్నారు, అందులో 4 జీబీ ర్యామ్ ఉంది, పాప ఆన్‌లైన్ క్లాసు పెట్టి పక్కన ఇంకో ఫైల్ తెరిస్తే బిగుసుకుపోతోంది. షాపులో అడిగితే 'వీటికి ర్యామ్ పెంచడం కుదరదండీ, కొత్తది తీసుకోండి' అన్నారు. అది నిజమేనా, మనమే మార్చుకోవచ్చా అని.

చాలావరకు నిజం కాదు. మార్చుకోవచ్చు, ఇంట్లోనే, ఒక స్టార్ స్క్రూడ్రైవర్‌తో. బిగించడం పావుగంట పని. పొరపాటు జరిగేదీ, డబ్బు పోయేదీ బిగించేటప్పుడు కాదు, కొనేటప్పుడు. అందుకే ఆ సంగతే ఎక్కువ రాస్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

నేను పలాసలో జీడిపప్పు వ్యాపారులకు లెక్కలు రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి నా పాత పెద్ద సీపీయూ తడిసి పాడైపోయింది, ఆపైన రోజుల తరబడి కరెంటు లేదు, అప్పుడే అనుకున్నాను ఈసారి కొంటే ఇన్వర్టర్ మీద ఎక్కువసేపు నడిచేదే కొనాలని. మరుసటి ఏడాది లావుపాటి డిక్షనరీ అంత సైజులో ఉండే చిన్న డెస్క్‌టాప్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. అందులో ప్రాసెసర్ ఇంటెల్ ఆరో జనరేషన్ ఐ5, 6500టీ. చివర ఆ 'టీ' ఉంటే కరెంటు తక్కువ తాగే రకం అని, ఇది 35 వాట్ల ప్రాసెసర్, లాప్‌టాప్‌కి ఇచ్చేలాంటి 65 వాట్ల అడాప్టర్ మీద నడిచిపోతుంది. అంతా బాగానే ఉంది కానీ ర్యామ్ 4 జీబీయే. నెలలో 20వ తేదీ వచ్చిందంటే 3బీ రిటర్నుకి ఆఖరి రోజు, బ్రౌజర్‌లో పోర్టల్ తెరిచి, పక్కన ట్యాలీ, ఎక్సెల్, వాట్సాప్ వెబ్ పెట్టుకుంటే మౌస్ కదిపిన కాసేపటికి గానీ తెర మీద బాణం కదిలేది కాదు. ఫోన్లో అవతల వ్యాపారి 'అయిపోయిందా బాబూ' అని అడుగుతుంటే టెన్షన్‌తో చెమటలు పట్టేవి.

సరే, ముందు మీ మిషన్ విప్పకుండానే చూడగలిగేవి చూడండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్, దాంట్లో మెమరీ. కింద చిన్న అక్షరాల్లో స్పీడ్, స్లాట్లు ఎన్నింట్లో ఎన్ని వాడుకలో ఉన్నాయి, ఫామ్ ఫ్యాక్టర్ అని ఉంటాయి. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర ఎస్ఓడిమ్ అని ఉంటే ర్యామ్ పుల్ల విడిగా తీసి పెట్టుకునేదే. 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే మాత్రం ర్యామ్ చిప్పులు బోర్డుకే అతికించి ఉన్నాయని అర్థం, అప్పుడు షాపు వాళ్లు చెప్పింది నిజమే. ఉదాహరణకి ఆపిల్ వాళ్ల మ్యాక్ మినీలో 2014 మోడల్‌కి అతికించేశారు, 2018 మోడల్‌కి స్లాట్లు ఉన్నాయి కానీ లోపలంతా విప్పుకుంటూ వెళ్లాలి, 2020 నుంచి వాళ్ల సొంత చిప్‌తో వచ్చినవాటికి పెంచే దారే లేదు. ఇంటెల్ ఆరు, ఏడు, ఎనిమిదో జనరేషన్లతో ఆఫీసుల్లో వాడి అమ్మేసిన లెనోవో, డెల్, హెచ్‌పీ చిన్న డెస్క్‌టాప్‌లకి సాధారణంగా రెండు స్లాట్లుంటాయి. మీది అలాంటిదే అయి ఉంటుందని నా నమ్మకం, కానీ టాస్క్ మేనేజర్‌లో కళ్లారా చూశాకే కొనండి.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఇది డెస్క్‌టాప్ కదా అని ఆన్‌లైన్‌లో 'డెస్క్‌టాప్ ర్యామ్' అని ఉన్నది ఆర్డర్ పెట్టేశాను. వచ్చింది అయిదంగుళాల పైన పొడుగుంది. మూత తీసి చూస్తే లోపల స్లాటు మూడంగుళాలు కూడా లేదు! ఈ బుల్లి డెస్క్‌టాప్‌లకి పట్టేది లాప్‌టాప్ ర్యామ్. డీడీఆర్4 అనే రకం ర్యామ్‌లో పెద్దదానికి 288 పిన్నులు, లాప్‌టాప్‌దానికి 260, ఏ రకంగానూ పట్టదు. రిటర్న్ పెట్టి డబ్బు వెనక్కి వచ్చేసరికి ఆ నెల 20వ తేదీ కూడా గడిచిపోయింది. మీరు కొనేటప్పుడు షాపులో నోరు తెరిచి 'లాప్‌టాప్ ర్యామ్ కావాలి' అనే అడగండి, డెస్క్‌టాప్ అన్న మాటే ఎత్తకండి.

రెండో మెలిక ఇంకా ముఖ్యం. ఆరో జనరేషన్ ఇంటెల్ ప్రాసెసర్లు డీడీఆర్4తోనూ పనిచేస్తాయి, డీడీఆర్3ఎల్‌తోనూ పనిచేస్తాయి. కంపెనీ ఏ బోర్డు పెడితే అదే. అంటే ఒకే ప్రాసెసర్ ఉన్న రెండు చిన్న డెస్క్‌టాప్‌లలో ఒకదానికి ఒకటి, ఇంకోదానికి ఇంకొకటి కావాల్సి రావచ్చు. 'ఐ5 ఆరో జనరేషనండీ' అని చెప్తే షాపతను అందాజుగా ఏదో ఒకటి చేతిలో పెడతాడు. డీడీఆర్3ఎల్ 1.35 వోల్టులది, 204 పిన్నులు; డీడీఆర్4 1.2 వోల్టులది, 260 పిన్నులు. మధ్యలో ఉండే గాటు కూడా వేరే చోట ఉంటుంది కాబట్టి ఒకదాని స్లాట్లో ఇంకొకటి దిగదు, బలవంతం చేస్తే స్లాటు విరుగుతుంది. సీపీయూ-జెడ్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో మెమరీ పేజీలో ఏ రకమో స్పష్టంగా చూపిస్తుంది. అంతకన్నా నమ్మకమైన పని, ఇప్పుడున్న 4 జీబీ పుల్లని తీసి దాని మీది స్టిక్కర్‌ని ఫోన్‌తో ఫొటో తీసుకోవడం. ఆ ఫొటో షాపులో చూపిస్తే ఇక వాదనే ఉండదు.

స్పీడ్ గురించి పెద్దగా బెంగ పెట్టుకోకండి. ఆరో జనరేషన్‌లో డీడీఆర్4 2133 దగ్గర నడుస్తుంది, ఏడులో 2400, ఎనిమిదిలో 2666. మీకు 2666 లేదా 3200 దొరికినా తీసుకోండి, అది తగ్గి మీ మిషన్‌కి తగ్గట్టు నడుస్తుంది. ఉన్న 4 తీసేయాలా అంటే, అక్కర్లేదు. నేను రెండో స్లాట్‌లో 8 పెట్టి మొత్తం 12 చేసుకున్నాను. రెండూ సమానంగా ఉంటే జోడీగా నడిచి ఇంకాస్త చురుగ్గా ఉంటుందన్నది నిజమే, కానీ 4, 8 పెట్టినా ఇంటెల్‌లో 4కి 4 జోడీ కట్టి మిగతా 4 ఒంటరిగా నడుస్తుంది, ఆగిపోదు. పాప చదువుకి 12 బోలెడు.

ఇక బిగించడం. ముందు మీ ఫైళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి, ర్యామ్ మారిస్తే ఫైళ్లు పోవు, అయినా ఎక్కించుకోండి. షిఫ్ట్ కీ నొక్కిపట్టి షట్‌డౌన్ కొట్టండి, అప్పుడే పూర్తిగా ఆగుతుంది. అడాప్టర్ తీసేయండి, మానిటర్ వైరు, కీబోర్డు అన్నీ తీసేయండి. తీసేశాక పవర్ బటన్ ఒక పది సెకన్లు నొక్కి ఉంచండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. చాలా మోడళ్లకి వెనక ఒకే స్క్రూ, అది తీసి మూతని జరిపితే వచ్చేస్తుంది. కొన్నింటికి ర్యామ్ పైమూత కింద ఉంటుంది, కొన్నింటికి ఫ్యాన్ కిందో హార్డ్ డిస్క్ కిందో, ఇంకొన్నింటికి అడుగు మూత తియ్యాలి. మీ మోడల్ పేరు కొట్టి కంపెనీ సర్వీస్ మాన్యువల్ ఒకసారి చూసుకోండి, బొమ్మలతో ఉంటుంది.

నాది తెరవగానే ముందు కనపడింది ర్యామ్ కాదు, నల్లటి జిడ్డు. మా ఊళ్లో జీడి బట్టీల పొగ సంగతి తెలిసిందే, ఫ్యాన్ రెక్కలకి మసి, దూది కలిసి మైనంలా పట్టేసింది. మెత్తటి పెయింట్ బ్రష్‌తో, రెక్కలు తిరక్కుండా వేలితో పట్టుకుని, మెల్లగా దులిపాను. మీరు కూడా తెరిచినప్పుడే ఈ పని చేసేయండి, మళ్లీ ఎప్పుడు తెరుస్తామో.

తర్వాత ఏదైనా బయటి లోహాన్ని, కిటికీ ఊచనైనా సరే, ఒకసారి ముట్టుకోండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ పోతుంది. ర్యామ్ పుల్లకి రెండు పక్కలా రెండు చిన్న లోహపు చేతులుంటాయి, వాటిని బొటనవేళ్లతో బయటికి తోస్తే పుల్ల దానంతటదే ఏటవాలుగా పైకి లేస్తుంది. కొత్తది పెట్టేటప్పుడూ అంతే, అంచులు పట్టుకుని, బంగారు రంగు పళ్లు ముట్టుకోకుండా, గాటు చూసుకుని ఏటవాలుగా లోపలికంటా తోయండి. పళ్లు దాదాపు కనపడకుండా పోవాలి. అప్పుడు పైనుంచి కిందికి నొక్కితే రెండు వైపులా టిక్‌మని పడుతుంది. ఒక పక్కే టిక్‌మంటే పట్టలేదన్నమాట, మళ్లీ తీసి పెట్టండి. పాత పుల్ల పళ్లు మసకబారి ఉంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి లేకుండా పొడిగుడ్డతో తుడవండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో వాడిన మిషన్లకి ఇది మరీ అవసరం.

మూత పూర్తిగా బిగించకుండానే ఒకసారి ఆన్ చేసి చూడండి. ఇక్కడ భయపడతారు, నేనూ భయపడ్డాను. ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. కొత్త ర్యామ్‌ని మిషన్ మొదటిసారి చదువుకోవడానికి మామూలు కంటే ఎక్కువ సమయం పడుతుంది, కొన్నిసార్లు దానంతటదే ఆగి మళ్లీ ఆన్ అవుతుంది. చెయ్యి పెట్టకుండా రెండు నిమిషాలు ఆగండి. అప్పటికీ రాకపోయినా, బీప్ బీప్‌మన్నా అడాప్టర్ తీసి, పుల్లలు మళ్లీ పెట్టండి, తర్వాత ఒక్కొక్కటీ విడిగా పెట్టి చూడండి. నాకు రెండోసారి పెట్టినప్పుడు వచ్చింది, మొదటిసారి ఒక పక్క సగమే దిగింది.

తెర వచ్చాక ఇంకో చిక్కు ఉంది, ఇది మీ విజయనగరంలోనే జరిగింది. మా బావది మూడు లాంతర్ల దగ్గర జెరాక్స్ షాపు, నాది చూసి తనూ 4కి ఇంకో 4 కలిపాడు. కలిపి ఫోన్ చేశాడు, 'ఏటి బావా, డబ్బులు పోసి తెచ్చింది కనపడదేటి?' అని. 8 అని రాసి, పక్కన బ్రాకెట్‌లో మూడున్నర దాకే వాడుకోవచ్చని చూపిస్తోంది. ర్యామ్ తప్పు కాదు, అమ్మినవాళ్లు అందులో 32 బిట్ విండోస్ ఎక్కించి ఇచ్చారు. 32 బిట్ విండోస్ 4 జీబీ దాటి వాడుకోలేదు. 64 బిట్ మళ్లీ ఎక్కించాకే సరైంది. మీరు ర్యామ్ కొనకముందే సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో సిస్టమ్ టైప్ ఏముందో చూడండి. 8కి 7.9 అని చూపిస్తే అది మామూలే, కొంచెం గ్రాఫిక్స్ తీసుకుంటుంది.

పెట్టిన రాత్రే విండోస్‌లో ఉండే మెమరీ డయాగ్నస్టిక్ నడిపించి పడుకోండి, సెకండ్ హ్యాండ్ ర్యామ్ అయితే తప్పకుండా. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల కొత్త ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి, కాబట్టి లాప్‌టాప్‌ల నుంచి తీసిన పాత 8 జీబీ పుల్ల దొరికితే తీసుకోవడంలో తప్పేం లేదు, వారం రోజుల్లో మార్చి ఇస్తామని మాట తీసుకోండి చాలు. చెడ్డ ర్యామ్ చేసే హాని వెంటనే తెలీదు, ఫైల్ సేవ్ చేసేటప్పుడు నిశ్శబ్దంగా పాడు చేస్తుంది. లెక్కలు రాసేవాడిగా నాకు అన్నిటికన్నా భయం అదే.

మరొక్క మాట, ఖర్చు పెట్టేముందు. టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టి పాపని మామూలుగా పని చేసుకోమనండి. మెమరీ 85 శాతం పైన ఉంటే ర్యామ్ పెట్టండి. మెమరీ 60 దగ్గరే ఉండి డిస్క్ మాత్రం 100 చూపిస్తుంటే మీ సమస్య పాత హార్డ్ డిస్క్, ఆ డబ్బుతో దాని బదులు వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ అనే డిస్క్ వేయించుకోండి. రెండూ ఎక్కువగా ఉంటే ముందు ర్యామే, ఎందుకంటే ర్యామ్ చాలక విండోస్ డిస్క్‌ని ర్యామ్‌లా వాడుకుంటున్నప్పుడు కూడా డిస్క్ 100 చూపిస్తుంది. మీది ఆరు, ఏడు జనరేషన్లది అయితే విండోస్ 11కి అధికారికంగా అర్హత లేదు, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, ఇది కూడా మనసులో పెట్టుకోండి. అయితే డీడీఆర్4 లాప్‌టాప్ ర్యామ్ కొంటే వృథా పోదు, రేపు ఎనిమిదో, పదో జనరేషన్ చిన్న డెస్క్‌టాప్ తీసుకున్నా దాదాపు అన్నింట్లో అదే పుల్ల పడుతుంది. నేనూ మిషన్ మార్చినప్పుడు నా పుల్లని అలాగే వాడుకుందామనుకుంటున్నాను.

మీ మోడల్ పేరు, టాస్క్ మేనేజర్‌లో స్లాట్లు, ఫామ్ ఫ్యాక్టర్, సిస్టమ్ టైప్ 32 బిట్టా 64 బిట్టా, ఈ నాలుగూ కింద రాయండి. పాత పుల్ల స్టిక్కర్ ఫొటో కూడా పెడితే ఏది అడిగి కొనాలో సరిగ్గా చెబుతాను. ఈ నెల 20 దాటాక అయితే అదే రోజు జవాబిస్తాను.